కరివేపాకు పురుగు మీద కొన్ని అపోహలు

సీతాకోకచిలుకలు వచ్చేలా తోటలు వేసిపెట్టడం నా పని. అయినా నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "కరివేపాకుకి పురుగు పట్టింది, ఏ మందు కొట్టాలి?" అనే. ముందు ఫొటో పంపమంటాను. చాలాసార్లు అది కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక పిల్లే.

అపోహ: ఆకు మీదున్నది పిట్ట రెట్ట.

మనమూ, పిట్టలూ అలా అనుకోవాలనే దాని ఏర్పాటంతా! గుడ్డులోంచి వచ్చాక నాలుగు దశల దాకా గోధుమ, తెలుపు కలిసిన ఆ రూపమే. ఐదో దశలో ఆకుపచ్చగా మారిపోతుంది.

అపోహ: ముట్టుకుంటే దురద, కొమ్ములతో కుడుతుంది.

దురద పెట్టేవి నూగున్న గొంగళిపురుగులు. ఇది నున్నగా ఉంటుంది. కదిపితే తల వెనక నుంచి ఎర్రటి రెండు పాయల కొమ్ము బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది, అంతే. అది ముల్లు కాదు, కుట్టదు.

అపోహ: పెద్దయ్యాక నల్ల రెక్కల మీద ఎర్ర మచ్చలుంటే అది మార్మన్ కాదు, వేరే జాతి.

మావాళ్లు కూడా తడబడేది ఇక్కడే. మగది నల్లగా, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరుసతో ఉంటుంది. ఆడదానికి మాత్రం మన దగ్గర మూడు వేషాలు. ఒకటి అచ్చం మగదానిలా. రెండోది కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలా, మూడోది క్రిమ్సన్ రోజ్ అనే ఇంకోదానిలా. ఆ రోజ్‌ల పిల్లలు ఈశ్వరి, గాడిదగడపాకు మొక్కల ఆకులు తిని వాటిలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ వాటి జోలికి పోదు. మన మార్మన్‌లో విషమేమీ లేదు, ఆ భయాన్ని అరువు తెచ్చుకుంటుందంతే. ఏ వేషం వెయ్యాలో తేల్చేది డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువని 2014లో తేలింది. మగదాంట్లోనూ ఆ జన్యువు ఉంటుంది కానీ రెక్కల మీద బయటపడదు. గుర్తుపట్టాలంటే రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. వేషం ఒంటిదాకా రాలేదు పాపం.

అపోహ: రెక్కల పొడి కంట్లో పడితే చూపు పోతుంది.

పోదు. ఆ పొడి సన్నటి పొలుసులు, రెక్కకి రంగు వచ్చేది వాటివల్లే. రాలితే మళ్లీ రావు.

అపోహ: మందు కొట్టకపోతే చెట్టు చచ్చిపోతుంది.

కుండీలో జానెడు మొక్కైతే నాలుగు పురుగులు బోడి చేసేస్తాయి, నిజమే. వాటిని తీసి పక్కింటి నిమ్మచెట్టు మీద వదలండి, అదీ తింటాయి. పెరిగిన చెట్టు మళ్లీ చిగురేస్తుంది. మందు కొట్టిన ఆకు ఎలాగూ పోపులోకి రాదు కదా!