ఎక్సలేటర్ తొక్కినా బండి ఎందుకు లాగలేదంటే

చిన్నోడికీ బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఊరికొస్తుంటే దారిలో మన డీజిల్ వ్యాను ఎంత తొక్కినా లాగకుండా మొండికేసింది కదా, ఎందుకలా అని మీరడిగారు, ఆ ఎండలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ఎక్సలేటర్ అంటే మా రోజుల్లో ఒక కేబుల్, తొక్కితే డీజిల్ పంపు దగ్గర లివర్ని లాగేది, అంతే. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో (అంటే డీజిల్ కొట్టడం కంప్యూటర్ చూసుకునే కొత్తరకం ఇంజన్లలో) కేబులే లేదు, అన్నీ వైర్లే. కాలు ఎంత నొక్కిందో పెడల్ దగ్గరున్న సెన్సార్ వోల్టేజ్‌గా చెప్తది, దాన్నిబట్టి ఎంత డీజిల్ కొట్టాలో ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, చూసుకుంటది.

ఆ సెన్సార్‌లో రెండు ట్రాక్‌లుంటాయి, అంటే పెడల్ కదిలేకొద్దీ వోల్టేజ్ మార్చే రెండు పట్టీలు, దేని సిగ్నల్ దానిదే. మన బండిలో కాలు తీసేస్తే మొదటిది 0.75 వోల్టులు, రెండోది దాదాపు దాంట్లో సగం, పూర్తిగా తొక్కితే 3.8, 1.9. ఒక్కటే ఉండి అది తప్పు చెప్పిందనుకోండి, తొక్కకుండానే బండి జనం మీదకి దూకేస్తది! అందుకే ఈసీఎం ఎప్పుడూ రెండిటినీ పోల్చి చూస్తది, లెక్క కలవకపోతే పెడల్ మాట వినడం మానేసి ఇంజన్‌ని కాస్త పెంచిన ఐడిల్‌లో (తొక్కకుండా ఊరికే తిరిగే వేగంలో) ఉంచేస్తది. ఆరోజు జరిగింది అదే, బండి మిమ్మల్ని కాపాడింది.

ఒక మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చాడు, ఇంకొకాయన చూడకుండానే పెడల్ మొత్తం మార్చమన్నాడు, నాకు ఒప్పలేదు. ఈసీఎం పట్టుకున్న తప్పుల్ని చదివే స్కానర్ పెడితే పి2138 కోడ్ వచ్చింది, అంటే రెండు సిగ్నల్స్ పొంతన కుదరట్లేదని, అంతేగానీ పెడల్ పోయిందని కాదు, వైరో ప్లగ్గో ఎర్తో కూడా కావచ్చు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి ప్లగ్ దగ్గర మీటర్ పెట్టా, 5 వోల్టుల సప్లై రెండు వైపులా బాగానే ఉంది, ఎర్త్ కూడా బాగుంది. (ఆ 5 వోల్టులే రాకపోతే అదే లైన్ మీదున్న ఇంకో సెన్సార్ షార్ట్ అయిందేమో, ఒక్కోటి ప్లగ్ పీకి చూడాలి.) పెడల్ ముట్టుకోకుండా వైర్లు మాత్రం కదిపా, రీడింగ్ కదల్లేదు. తర్వాత చేత్తో పెడల్‌ని మెల్లగా, చాలా మెల్లగా నొక్కుతూ పోతే మొదటిది 1.4 దగ్గరికి రాగానే రెండోది 0.7 ఉండాల్సింది 0.4కి పడిపోయి మళ్ళీ లేచింది, నాలుగుసార్లు నొక్కినా సరిగ్గా అదే చోట. అప్పుడు తేలింది, ట్రాక్ అక్కడే అరిగిపోయింది, ఊళ్ళో నడిపేటప్పుడు కాలు ఎక్కువసేపు ఉండేది అక్కడే మరి. డిజిటల్ మీటర్‌లో గబగబా నొక్కితే ఈ పడిపోవడం కనపడదు, ముల్లు మీటరైతే ముల్లు టక్కున ఊగుతుంది, దానికే నాది ఇంకా దాచుకున్నా.

కొత్త పెడల్ వేశా, బండి బాగుంది. పాతది పారేయలేదు, సంక్రాంతికి వచ్చినప్పుడు విప్పుదాం, మూడు పెన్సిల్ సెల్స్ పెడితే 4.5 వోల్టులొస్తాయి, ఆ అరిగిన చోటు మీరే మీటర్‌తో వెతుకుదురుగాని. చిన్నోడా, సెల్స్ కొత్తవి పట్రా.

మీ తాతయ్య