ఆ తెల్లకాగితం మీద సంతకం పెట్టకముందు రండి

"మేడమ్, రాజీనామా ఇచ్చేశాను. బాబు కుదురుకున్నాక మళ్లీ రమ్మన్నారు." హన్మకొండలో కార్మికుల కేసులు చూసే న్యాయవాదిని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేది చాలాసార్లు ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న తల్లే. అందరూ ఇచ్చాకే వస్తారు.

అపోహ: సెలవులు ఎక్కువైతే తీసేసేదాకా ఉండకూడదు. మనమే రాసిచ్చి తప్పుకుంటే మర్యాద, మళ్లీ పిలుస్తారు.

వాస్తవం: ఆ మర్యాదకు మీరు చెల్లించేది మీ సర్వీసును. వరంగల్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి కొడుక్కి ఆటలమ్మ పోసింది. వారం సెలవు అడిగితే యజమాని తెల్లకాగితం చేతికిచ్చి "సొంత కారణాల వల్ల" అని రాయించుకున్నాడు. అప్పటికి ఆమె సర్వీసు నాలుగేళ్ల నాలుగు నెలలు. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం, రావాలంటే ఐదేళ్లు నిండాలి. ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున రావాల్సింది అక్కడే పోయింది. రెండు నెలలకు నిజంగానే పిలిచారు, కొత్త మనిషిగా, తక్కువ జీతానికి. చందా ఆగాక ఈఎస్ఐ కార్డు కూడా ఎల్లకాలం పనిచేయదు.

దుకాణాల చట్టం ప్రకారం ఆరు నెలలు పనిచేసిన మనిషిని తీసేయాలంటే తగిన కారణం చూపాలి, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. మీరే రాసిస్తే ఆ బాధ్యత వాళ్లకు తప్పుతుంది. బలవంతంగా రాయించారని నిరూపించే భారమేమో మీ మీద పడుతుంది. అందుకే సెలవు రాతపూర్వకంగా అడగండి, జీతం లేని సెలవైనా సరే. షిఫ్టు మార్పు కోరండి. నకలు దాచుకోండి, కనీసం వాట్సాప్‌లో పంపండి. భయంగా ఉంటుందని నాకు తెలుసు. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయినప్పుడు యజమాని గొంతు కాస్త పెరిగినా కాళ్లు వణుకుతాయి. కాగితం చేతికిచ్చి రాయమంటే "ఇంట్లో అడిగి రేపు చెబుతాను" అనండి చాలు.

ఇక మిగతా పుకార్లు. భర్త లేకపోతే ప్రసూతి సెలవు రాదట! పాత 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనూ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నది "మహిళ" అన్న మాటే, "భార్య" అని కాదు. ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. శిశు సంరక్షణ గది యాజమాన్యం దయ కూడా కాదు, 50 మంది ఉన్నచోట ఉండి తీరాలి. ఒంటరి తల్లులు నిలకడగా పనిచేయరట. మేడారం జాతరకు బస్సులన్నీ తరలిపోయిన వారంలో ఎవరెవరు రాలేదో హాజరు పట్టిక తీసి చూడండి, తర్వాత మాట్లాడదాం.

మా అమ్మ కోరుట్లలో బీడీలు చుట్టి మమ్మల్ని సాకింది. నాన్న పోయిన ఏడాది పని సరిగా అందించలేకపోయింది. పీఎఫ్ తీసుకుని లెక్క ముగించుకోమని టేకేదారు, అంటే బీడీల కాంట్రాక్టరు, వేలిముద్ర అడిగాడు. "వేలు తెగింది, నయమయ్యాక వేస్తానని వచ్చేశాను" అని చెప్పేది. ఆ వేలు మరి నయం కాలేదు.