బొచ్చు ఊడిన కయోటీలు

అమెరికా ఉత్తర మైదానాల్లో కయోటీల వేట జోరుగా సాగేది చలికాలంలోనే. అప్పటికి వాటి ఒంటినిండా దట్టంగా బొచ్చు వచ్చి ఉంటుంది, ఆ తోలుకే ధర. వేటగాళ్లు మంచులో ఒక పొద చాటున కూర్చుని, ప్రాణభయంతో అరిచే కుందేలు గొంతును స్పీకర్లో వినిపిస్తారు. కయోటీ అంత తేలిగ్గా నమ్మదు. తోడేలుకు దగ్గరి చుట్టమైన ఈ జంతువు గాలివాటం చూసుకుని చుట్టూ తిరిగి వస్తుంది. మనిషి వాసన తగిలిందా, మళ్లీ కనిపించదు.

అంత జాగ్రత్త గల జంతువు ఒక్కోసారి పట్టపగలే ఏ గడ్డివాము పక్కనో, పశువుల షెడ్డు మూలనో ముడుచుకుని కనిపిస్తుంది. మనిషి దగ్గరికి వెళ్లినా లేచి పరిగెత్తదు. తోక చివర నాలుగు వెంట్రుకలు తప్ప మిగతాదంతా బోడి. చర్మం బూడిదరంగుకు తిరిగి, మందంగా మడతలు పడి ఉంటుంది. ఆ మడతల పగుళ్లలోంచి రసి కారుతుంటుంది. కళ్ల చుట్టూ పక్కులు కట్టి, రెప్పలు సగమే తెరుచుకుంటాయి. దగ్గరికి వెళ్తే కుళ్లు వాసన. పిచ్చి పట్టిందేమోనని భయపడేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అది ముదిరిన గజ్జి.

ఈ రోగం జంతువు రూపాన్ని ఎంతగా మార్చేస్తుందంటే, కయోటీలను చిన్నప్పటినుంచీ చూసినవాళ్లు కూడా పోల్చుకోలేరు. మేకల రక్తం తాగే ‘చుపకాబ్రా’ అనే వింత జంతువు కథలు 1995లో ప్యూర్టోరికోలో మొదలై టెక్సాస్ దాకా పాకాయి. 2007లో టెక్సాస్‌లోని క్యురో ఊరి దగ్గర బొచ్చులేని నీలిబూడిదరంగు కళేబరం దొరికితే అదే చుపకాబ్రా అని పెద్ద ప్రచారం జరిగింది. డీఎన్ఏ పరీక్ష చేస్తే కయోటీ వంశమని తేలింది. ఆ ప్రాంతంలో ఇలా దొరికిన మరికొన్ని ‘చుపకాబ్రాలు’ కూడా గజ్జి పట్టిన కయోటీలేనని నిపుణులు చెప్పారు.

దీనికి కారణం సార్కాప్టిస్ స్కేబియై అనే పురుగు. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. గుడ్డు పెద్ద పురుగుగా మారడానికి రెండు మూడు వారాలు చాలు. నిజానికి జంతువును అంతగా బాధించేది పురుగు కొరకడం కన్నా, పురుగు మీద, దాని మలం మీద శరీరం చేసే తిరుగుబాటు. ఆ అలర్జీ వల్ల విపరీతమైన దురద పుడుతుంది. కయోటీ గోకుతుంది, కొరుక్కుంటుంది. పుండ్లు పడతాయి, వాటిలోకి బాక్టీరియా చేరుతుంది. రోగం ముదిరితే పక్కుల కింద వేల పురుగులు ఉంటాయి.

మన ఊళ్లలో వీధికుక్కలకు పట్టే గజ్జికి చాలావరకు ఇదే జాతి పురుగు కారణం. మనుషుల గజ్జిదీ ఇదే జాతి, రకం మాత్రం వేరు. అందుకే గజ్జి కయోటీని ఒట్టి చేతులతో పట్టుకున్న వేటగాడికి కొన్నాళ్లు దురద, దద్దుర్లు రావచ్చు. కానీ ఆ పురుగు మనిషి ఒంటి మీద తరతరాలుగా నిలదొక్కుకోలేదు. చేతికి గ్లవ్స్ ఉంటే ఆ టెన్షన్ కూడా అక్కర్లేదు. భయపడాల్సింది వెంట తెచ్చిన వేటకుక్క గురించి. దానికి అంటుకుంటే దానంతట అది పోదు.

ఇంత చిన్న పురుగు అంత జంతువును ఎలా చంపుతుంది? ఈ ప్రశ్నకు మంచి జవాబు దొరికింది కయోటీల్లో కాదు, అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు తోడేళ్లలో. 1995లో కెనడా నుంచి తెచ్చి అక్కడ వదిలిన తోడేళ్ల సంతతికి 2007లో గజ్జి సోకింది. అమెరికా జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు ఒంట్లోంచి బయటికి పోయే వేడిని చూపించే థర్మల్ కెమెరా వాడారు. ముందు బోనులో పెంచే తోడేళ్ల కాలి మీద కొంత మేర బొచ్చు గొరిగి, అక్కడినుంచి ఎంత వేడి పోతోందో కొలిచారు. ఆ లెక్కను అడవిలోని రోగపు తోడేళ్లకు వర్తింపజేశారు. గజ్జి బాగా ముదిరిన తోడేలు చలికాలపు రాత్రి ఒక్కదానిలో 1,240 నుంచి 2,850 కేలరీల దాకా అదనంగా పోగొట్టుకుంటోందని తేలింది. మనం తిండి విషయంలో లెక్కపెట్టే కేలరీలే ఇవి. సగటు తోడేలు రోజంతటికీ కావలసిన శక్తిలో ఇది 60 నుంచి 80 శాతం.

ఈ అంకెలు చదివాక, పట్టపగలు గడ్డివాము పక్కన కనిపించే కయోటీ ప్రవర్తన నాకు అర్థమైంది. రాత్రి చలిలో తిరిగే స్తోమత దానికి లేదు. ఎండ కావాలి, గాలి తగలని చోటు కావాలి, వేటాడకుండా దొరికే తిండి కావాలి. మనిషంటే భయం పోయి కాదు, ఆ భయానికి ఖర్చుపెట్టే శక్తి లేక ఊళ్లోకి వస్తుంది. తోడేలుకైతే మంద ఉంటుంది. తోటి తోడేళ్లు వేటాడి తెచ్చిన మాంసంలో రోగిష్ఠిదానికీ వాటా దొరుకుతుంది, పెద్ద మందల్లో అలాంటివి ఎక్కువకాలం బతికాయి కూడా. ఎక్కువగా జంటగానో ఒంటరిగానో తిరిగే కయోటీకి ఆ ఆసరా తక్కువ.

చరిత్రలో బాధ కలిగించే పేజీ ఒకటుంది. 1905లో మోంటానా రాష్ట్రం ఒక చట్టం చేసింది. తోడేళ్లను, కయోటీలను పట్టుకుని, గజ్జి అంటించి, మళ్లీ అడవిలోకి వదలాలని అందులో రాసుకున్నారు. ఆ పని రాష్ట్ర పశువైద్యాధికారికి అప్పగించారు. పశువులను కాపాడుకోవాలన్న రైతుల ఆత్రుత నాకు అర్థమవుతుంది. కానీ జబ్బు నయం చేయాల్సిన మనిషి చేత జబ్బు పంచిపెట్టించడం ఏ లెక్కన చూసినా క్రూరమే.

పోనీ, దానివల్ల కయోటీలు తగ్గుతాయా అంటే, దక్షిణ టెక్సాస్ అనుభవం లేదనే చెబుతోంది. అక్కడ 1975లో మొదలైన గజ్జి, ఉధృతంగా ఉన్నప్పుడు మూడింట రెండు వంతుల కయోటీలకు సోకింది. చాలా చచ్చిపోయాయి. అయినా దీర్ఘకాలంలో ఆ ప్రాంతపు కయోటీల సంఖ్య పడిపోలేదు. గజ్జితో పోయినవాటిలో చాలా భాగం మరో కారణంతో ఎలాగూ పోయేవే. అందరికీ ఒకే ఫలితం ఉంటుందని కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 1994లో గజ్జి వచ్చినప్పుడు రెండేళ్లలో అక్కడి నక్కల్లో 95 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. ఒకే నగరంలో కిక్కిరిసి బతకడం వాటి ప్రాణం మీదికి తెచ్చింది.

నగరాల సంగతి వచ్చింది కాబట్టి కెనడాలోని ఎడ్మంటన్ గురించి చెప్పాలి. అల్బర్టా యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి కయోటీల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి గమనించారు. గజ్జి ఉన్నవి పగటిపూట ఎక్కువ తిరిగాయి, ఇళ్ల వెనక కంపోస్టు కుప్పలను ఎక్కువ వాడుకున్నాయి. ఆ కుప్పల్లో బూజు నుంచి పుట్టే విషాలు కూడా ఉన్నాయి. నీరసించిన జంతువు సులువైన తిండికి వస్తుంది, ఆ తిండి దాన్ని ఇంకా నీరసపరచవచ్చు, పది కయోటీలు వచ్చే చోటికే పురుగు కూడా వస్తుంది.

ఇక వేటగాళ్లను వేధించే ప్రశ్న: ఎదురుపడితే కాల్చాలా, వదిలేయాలా? తోలుకు పైసా రాదు. చాలామంది బాధనుంచి విముక్తి కలిగించడానికే తుపాకీ ఎత్తుతారు. నిలబడలేని స్థితిలో ఉన్నదాని విషయంలో వాళ్లది న్యాయమే అనుకుంటాను. రోగం ఆగిపోతుందని కాల్చడంలో మాత్రం అర్థం లేదు, ఒకటి పోతే ఖాళీ అయిన చోటికి ఇంకొకటి వస్తుంది. పైగా కొద్దిగా బొచ్చు ఊడినవాటిలో కొన్ని కోలుకుంటాయి, మళ్లీ బొచ్చు వస్తుంది.

మాంసంలో ఐవర్‌మెక్టిన్ కలిపి పెడితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. కుక్కల గజ్జికి అది బాగా పనిచేసే మందే. కానీ అడవిలో ఏ జంతువు ఎంత తిన్నదో ఎవరికి తెలుస్తుంది? సరైన మోతాదు మళ్లీ మళ్లీ అందాలి. ఆ మాంసాన్ని గొర్రెలు కాసే కోలీ కుక్క తింటే దాని ప్రాణానికే ముప్పు, ఆ జాతిలో చాలావాటి మెదడు ఈ మందును తట్టుకోలేదు. దానికన్నా కంపోస్టు మీద గట్టి మూత పెట్టడం, కుక్కల గిన్నె రాత్రిపూట లోపలికి తీసేయడం, ఎర కోసం కుప్పపోసిన మాంసం ఎత్తేయడం మేలు.