బీరువా మోసే సింబా

విశాఖ సీతమ్మధార నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "మాస్టారూ, మా సింబాకి పదకొండేళ్ళు. లాబ్రడార్, ముప్ఫై కిలోలు. ఇన్నాళ్ళూ ఒక్క ఉరుకులో కారు డిక్కీలోకి ఎక్కేసేవాడు. ఇప్పుడు ముంగాళ్ళు రెండూ పైన పెట్టి నా వంక చూస్తున్నాడు. ఎత్తి ఎక్కిస్తుంటే నా నడుం పోతోంది. ఆన్‌లైన్‌లో ఒకటిన్నర మీటర్ల మడత ర్యాంపు ఉంది. కొనెయ్యమంటారా? వాలు ఎంతుంటే వాడికి హాయిగా ఉంటుంది?"

ముప్ఫై రెండేళ్ళు ఇంటర్ పిల్లలకి వాలుతలం పాఠం చెప్పాను. ఇలాంటి ప్రశ్న ఒక్కడూ అడగలేదు. వాళ్ళ తప్పేం లేదు లెండి. నేను బోర్డు మీద గీసింది ఎప్పుడూ ఒక చెక్కదిమ్మే. దిమ్మకి మోకాళ్ళ నొప్పులుండవు, ముందూ వెనకా ఉండవు. సింబాకి ఆ రెండూ ఉన్నాయి.

డిక్కీ ఎత్తు కొలిచి చెప్పమన్నాను. 74 సెంటీమీటర్లు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. వాలు తగ్గిస్తే కుక్కకి శ్రమ తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ముప్ఫై కిలోల కుక్క 74 సెంటీమీటర్లు పైకి వెళ్ళడానికి కావలసిన పని సుమారు 217 జౌళ్ళు. నిలువుగా ఎత్తినా, వాలు మీద నడిపించినా ఇంతే. కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయి కాబట్టి, ఖర్చయ్యేది పావు కిలోకేలరీ. ఒక మేరీ బిస్కెట్టులో ఇరవై కిలోకేలరీల పైనే ఉంటుంది. అంటే సింబా తిన్న ఒక్క బిస్కెట్టు అరగాలంటే ఎనభై, తొంభైసార్లు కారెక్కాలి. వాడి కష్టం శక్తి చాలక కాదు. బరువు ఏ కాళ్ళ మీద పడుతోందన్నదే అసలు సంగతి.

దీనికి బీరువా కావాలి. ఇల్లు మారినప్పుడు ఇద్దరు మనుషులు ఇనప బీరువాని మెట్ల మీదుగా మేడ మీదికి చేర్చడం చూసే ఉంటారు. పైన ఒకడు, కింద ఒకడు. చదును నేల మీద ఇద్దరికీ సమానంగా ఉన్న బరువు మెట్ల దగ్గరికి రాగానే కిందివాడి మీదికి జరుగుతుంది. పైవాడు "పట్టు, పట్టు" అని సలహాలిస్తుంటాడు, కిందివాడికి మాట రాదు. కారణం బీరువా మందం. ఒట్టి పలకనైతే ఎంత వాల్చినా ఇద్దరి వాటాలూ పెద్దగా మారవు. బీరువా గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు అనుకోదగ్గ బిందువు, మాత్రం వాళ్ళు పట్టుకున్న అంచుకి పైన, జానెడు ఎత్తులో ఉంటుంది. వాల్చగానే అది కిందివాడి వైపు ఒరుగుతుంది. ఎంత ఎత్తులో ఉంటే అంత ఒరుగుతుంది.

కుక్క కూడా ఒక బీరువాయే. మోసేవాళ్ళు ఇద్దరు, ముంగాళ్ళ జత, వెనక కాళ్ళ జత. అయితే ఈ బీరువాలో సామానంతా ఒక పక్కకే సర్దేశారు. తల, మెడ, పెద్ద ఛాతీ అన్నీ ముందే ఉన్నాయి. అందుకే చదును నేల మీద నిలబడ్డ కుక్క బరువులో సుమారు 60 శాతం ముంగాళ్ళ మీద, 40 శాతం వెనక కాళ్ళ మీద ఉంటుంది.

ఇప్పుడు వాల్చి చూద్దాం. సింబా ముందు పంజాకీ వెనక పంజాకీ మధ్య ఎడం టేపు పెట్టి కొలిస్తే 60 సెంటీమీటర్లు వచ్చింది. గరిమనాభి ఎత్తు కొలవడం ఇంట్లో కుదరదు కనక ఛాతీ మధ్య దాకా కొలిచి 40 అనుకున్నాం. నలభైని అరవైతో భాగించి, వచ్చినదాన్ని వాలు కోణపు టాన్‌తో (వాలు ఎత్తుని అడ్డం దూరంతో భాగిస్తే వచ్చే అంకె) గుణిస్తే, అంత వాటా బరువు పై కాళ్ళ నుంచి కింది కాళ్ళకి మారుతుంది. సూత్రమంతా ఇంతే.

ఎక్కేటప్పుడు కింది కాళ్ళు వెనకవి. వాలు పెరిగేకొద్దీ వాటి మీద బరువు పెరుగుతుంది, ముంగాళ్ళు తేలికవుతాయి. సుమారు 17 డిగ్రీల దగ్గర తమాషాగా వాటాలు తారుమారవుతాయి. ముందు 40, వెనక 60. జీవితమంతా తక్కువ మోసిన వెనక కాళ్ళకి ఒక్కసారి ఎక్కువ మోసే డ్యూటీ పడుతుంది. లాబ్రడార్లలో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం తరచుగా కనిపించే జబ్బు. తుంటి నొప్పి ఉన్న కుక్క ఎక్కడానికి మొరాయించేది ఇందుకే.

కానీ దిగడం చూడండి. ఇప్పుడు కిందివాడు ముంగాళ్ళు, అసలే 60 మోస్తున్నవాడు. అదే 17 డిగ్రీలకి అది 80 అవుతుంది. ఆయన కొనబోయిన ఒకటిన్నర మీటర్ల ర్యాంపుని 74 సెంటీమీటర్ల ఎత్తుకి ఆనిస్తే వాలు దాదాపు 30 డిగ్రీలు. లెక్క వేస్తే ముంగాళ్ళ మీద 98 శాతం! వెనక కాళ్ళు పలకని తాకుతున్నాయంటే తాకుతున్నాయి, అంతే. 31 డిగ్రీలకి నూరు శాతం. ఆపైన బీరువా కిందివాడి నెత్తిమీదే.

మరి కుక్కలు ఇంతకంటే ఏటవాలు గట్ల మీంచి గబగబా దిగుతాయి కదా, తలకిందులై పడవేం? ఎందుకంటే అవి బిగుసుకుపోయిన బీరువాలు కావు. దిగేటప్పుడు కుక్క ఏం చేస్తుందో గమనించండి. మోచేతులు మడిచి, పిర్రలు దించి, పొట్ట నేలకి ఆనేంతగా ఒంగుతుంది. గరిమనాభి ఎత్తు నలభై నుంచి ముప్ఫైకి తెచ్చేసుకుంటుంది. లెక్కలో పైన ఉన్న అంకె తగ్గింది కాబట్టి జరిగే బరువూ తగ్గింది. టాన్ పట్టిక చూడకుండానే కుక్కకి ఇదంతా వచ్చు. ముసలితనం లాగేసుకునేది సరిగ్గా ఈ విద్యనే. కీళ్ళు అరిగిపోయిన కుక్క కాళ్ళు మడిచి ఒంగలేదు. నిటారు కాళ్ళతో దిగుతుంది, అంటే నిజంగానే బీరువాలా దిగుతుంది. పాఠ్యపుస్తకం లెక్క కుర్రకుక్కకి తప్పుతుంది, ముసలికుక్కకి సరిపోతుంది!

అందుకని ర్యాంపు కొనేవాళ్ళు ఎక్కించి చూసి మురిసిపోకండి. దించి చూడండి. కుక్కలు దిగాల్సి వచ్చినప్పుడు ఒక్కోసారి ర్యాంపు పక్కనుంచి దూకేస్తాయి, మనం "హమ్మయ్య, దిగింది" అనుకుంటాం. 74 సెంటీమీటర్లు కిందపడే ఏ వస్తువైనా నేలని తాకేసరికి సెకనుకి 3.8 మీటర్ల వేగం అందుకుంటుంది. కుక్క ముంగాళ్ళకి మనలా కాలర్ బోన్ (మెడ కింద భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) ఆధారం లేదు. ఛాతీని మోసేది కండరాలతో అల్లిన ఊయల మాత్రమే. ఆ ఊయల వదులైపోయిన వయసులో ఇలాంటి దూకుళ్ళు వద్దు.

కోణాలు కొలిచే పరికరం లేదంటారా? టేపు చాలు. పలక పొడవు ఎత్తుకి రెండింతలుంటే 30 డిగ్రీలు, మూడింతలుంటే పందొమ్మిదిన్నర, నాలుగింతలుంటే పద్నాలుగున్నర. అమెరికాలో కుక్కలు అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఏజిలిటీ పోటీల్లో అవి ఎక్కే డాగ్ వాక్ అనే వంతెన వాలు పలక 12 అడుగులు, ఎత్తు 4 అడుగులు. సరిగ్గా మూడింతలు. అది కండపుష్టి ఉన్న ఆటగాళ్ళకి. కీళ్ళ నొప్పులున్న సింబాకి నాలుగింతలు ఇస్తే మర్యాదగా ఉంటుంది. చక్రాల కుర్చీల ర్యాంపుకి ఒకటికి పన్నెండు అనే కొలత ఉందిగా, అదే పెట్టెయ్యొచ్చుగా అని ఆయన అడిగారు. పెట్టొచ్చు. డిక్కీ నుంచి దాదాపు తొమ్మిది మీటర్లు, ఎదురింటివాళ్ళ హాల్లో దిగుతాడు.

ఇక జారుడు. దీనికీ అదే టాన్ కావాలి, అందుకే నాకది ముద్దు. వాలు మీద ఊరికే నిలబడాలన్నా పంజాకీ పలకకీ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, కోణపు టాన్ కంటే ఎక్కువుండాలి. మూడింతల ర్యాంపుకి 0.35, రెండింతలకి 0.58. నడిచేటప్పుడు తన్నుకోవాలి, ఆగాలి కనక ఇంకొంచెం కావాలి. మన అరకు రైలునే చూడండి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు చాలా తక్కువ. అందుకే అనంతగిరి కొండల్ని నేరుగా ఎక్కలేక, యాభైకి పైగా సొరంగాలు దూరుతూ మెలికలు తిరుగుతుంది. రబ్బరు టైర్ల బస్సేమో అంతకంటే ఏటవాలు ఘాట్ రోడ్డునైనా ఎగబాకుతుంది. నున్నటి సన్‌మైకా అంటించిన ర్యాంపు మీద పెరిగిన గోళ్ళతో నడిచే కుక్క రైలు లాంటిది. పీచు పట్టా పరిచి, గోళ్ళు కత్తిరించి, వేళ్ళ మధ్య జుట్టు తీసేస్తే బస్సవుతుంది. ఇంట్లో పరీక్ష సులువు. పాత రబ్బరు చెప్పులో ఒక రాయి పెట్టి పలక మీద ఉంచి, ఒక చివర మెల్లిగా ఎత్తండి. ఎక్కడ జారితే అక్కడ ఎత్తుని పలక కింద నేల మీది అడ్డం దూరంతో భాగించండి, అదే ఘర్షణ గుణకం. చెప్పు పంజా కాదు, నిజమే. కానీ ఏ పలక నయమో చెప్పేస్తుంది. తడిపి కూడా చూడండి, మన ఊళ్ళో సముద్రపు గాలికి పొడిగా ఉండే వస్తువేది?

మూడింతలంటే 222 సెంటీమీటర్లు, ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటులో పడుతుంది. నాలుగింతలు 296, పట్టదు. కాబట్టి మూడింతలకే ఖాయం చేసుకుని కంచరపాలెంలో నాకు తెలిసిన వడ్రంగి దగ్గరికి వెళ్ళాం. "ఏటండీ మాస్టారూ, కుక్కకి నిచ్చెనా?" అన్నాడు. నేను కాగితం తీశాను. పలక కుంగడం పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, మందం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. పొడవు ఒకటిన్నర మీటర్ల నుంచి 222కి పెరిగితే కుంగడం మూడు రెట్ల పైచిలుకు. దాన్ని తిప్పికొట్టాలంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బదులు 18 వాడాలి. అతను మొత్తం విని, "అది ఎత్తుకు తిరగడానికి మీ నడుం ఉంటాదా? పన్నెండుకే కింద రెండంగుళాల బద్దీలు రెండు నిలువుగా కొడతాను" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. సింబా నడుమ నిలబడితే నా 18 మిల్లీమీటర్ల పలక నాలుగు సెంటీమీటర్ల పైనే కుంగుతుంది. అతని బద్దీల పలక ఒకటీ చిల్లర. స్కూలు స్కేలుని పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు, ఘనం మహిమ అదే! కాళ్ళ కింద ఊగే పలక మీద కుక్క రెండోసారి అడుగు పెట్టదు కనక ఇది చిన్న విషయం కాదు.

పొట్టికాళ్ళ డాషండ్ సంగతి వేరు. గరిమనాభి నేలకి దగ్గరగా ఉంటుంది, బీరువా బాధ తక్కువ. దాని గండం ర్యాంపు పైఅంచు దగ్గర. వాలు ముగిసి చదును మొదలయ్యే మూల మీద పొడవాటి నడుం వంగాలి, స్పీడ్ బ్రేకర్ మీద పొడుగు బస్సు పొట్ట రాసుకున్నట్టు. ఆ జాతి కాళ్ళు పొట్టివి కావడానికి ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు నకలు కారణమని 2009లో తేలింది. ఇంకో క్రోమోజోమ్ మీద ఉన్న మరో నకలు వెన్నుపూసల మధ్య డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుందని 2017లో బయటపడింది. కాబట్టి డాషండ్‌కి నాలుగింతలే ఇవ్వండి, సోఫా ఎత్తుకి ఎలాగూ ఇంట్లో పడుతుంది.

ర్యాంపు తయారయ్యాక సింబావాళ్ళ మేనత్తగారు, వాలు ఈశాన్యానికి ఉండాలన్నారట. తీసి గోడకి ఆనించే బల్లకి వాస్తు ఏమిటని నేను అడగలేదు, పెద్దావిడ. పైగా బయల్దేరే ముందు సింబా చెవులు టపటపా కొట్టుకుంటాడు కనక ఆ కారు ప్రయాణాలే వద్దంటున్నారు. వేలాడే చెవుల లోపల గాలి ఆడదు, ఈ ఉక్కకి దురద పుడుతుంది. అది శకునం కాదు, డాక్టరుకి చూపించాల్సిన చెవి. స్వర్గానికి వెళ్ళే దారిలో ధర్మరాజు వెంట కొండంతా ఎక్కింది కుక్కే కదండీ అని నేనంటే, "ఆయన దించలేదుగా" అన్నారావిడ. నా వ్యాసం సారాంశం ఆవిడకి నాకంటే ముందే తెలిసినట్టుంది.

వారం తరవాత మళ్ళీ ఫోన్. నేల మీద పరిచి బిస్కెట్లు వేస్తే రెండ్రోజుల్లో అలవాటైంది, కానీ కారుకి ఆనిస్తే ఎక్కుతాడు, దిగడు. పైన కూర్చుని మూలుగుతున్నాడు. వెళ్ళి చూశాను. వాళ్ళ వీధి ఏటవాలు. విశాఖలో చదునుగా ఉన్న వీధి దొరకడం కష్టమే. ఆయన రోజూ కిందనుంచి ఎక్కి వచ్చి, కారు ముక్కు ఎగువకి పెట్టి ఆపుతున్నారు. డిక్కీ దిగువకి తెరుచుకుంటోంది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే రోడ్డే ఐదు డిగ్రీలు. మా పందొమ్మిదిన్నరకి అది కలిసి ఇరవై నాలుగున్నర, ముంగాళ్ళ మీద 90 శాతం.

కారుని అటు తిప్పమన్నాను. డిక్కీ ఎగువకి తిరిగింది. ఈసారి రోడ్డు ఐదు డిగ్రీలు తీసేసింది. పద్నాలుగున్నర మిగిలింది, అంటే నాలుగింతల ర్యాంపు ఇచ్చినట్టే, పైసా ఖర్చు లేకుండా. సింబా అంచు వాసన చూశాడు, ఒక కాలు పెట్టి తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. సగంలో ఆగి మా ఇద్దరినీ చూసి, మిగతాది నింపాదిగా దిగి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన ఇప్పుడు కారు ముక్కు దిగువకే పెట్టి ఆపుతున్నారు. హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాలకి రెండు ఇటుకలు అడ్డం పెడుతున్నారు.