గ్రీన్‌కార్డు లైన్ వెనక కథ: బ్రూక్లిన్ ఎంపీ ఇమాన్యుయెల్ సెల్లర్

ప్రతి నెలా అమెరికా వీసా బులెటిన్ (గ్రీన్‌కార్డు లైన్ ఎక్కడిదాకా కదిలిందో చెప్పే ప్రకటన) వచ్చిన రోజు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో అక్క అడిగేది ఒకటే మాట, "కదిలిందా?" అని. బావది ఈబీ-2, అంటే పెద్ద చదువులవాళ్ళకి ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ. ప్రయారిటీ డేట్, అంటే లైన్లో చేరిన తేదీ, 2015. డల్లాస్‌లో ఇల్లు కొన్నారు, ట్యాక్సులు కడుతున్నారు, అయినా ఇంకా లైన్లోనే ఉన్నారు. అసలు గ్రీన్‌కార్డులకి దేశానికింత అని ఈ లిమిట్ ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వెనక్కి చదువుకుంటూ వెళ్తే నాకు దొరికిన మనిషి ఇమాన్యుయెల్ సెల్లర్. మనవాళ్ళు అమెరికాలో కాలు పెట్టడానికి తలుపు తీసినవాళ్ళలో ఈయన ముఖ్యుడు, ఇవాళ మనం కొట్టుకుంటున్న గొళ్ళెం కూడా ఆ తలుపుకే ఉంది.

సెల్లర్ 1888లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిది విస్కీ వ్యాపారం, ఇంటి కింద సెల్లార్‌లోనే పెద్ద విస్కీ ట్యాంక్ ఉండేదట. ఆ వ్యాపారం మునిగిపోయింది, కొడుకు కొలంబియా యూనివర్సిటీలో చదువుతుండగానే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు, దాంతో పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి వైన్ అమ్మకాలు, అలా ఇల్లు నడుపుకుంటూ లా పూర్తి చేశాడు. 1922లో ప్రతినిధుల సభకి గెలిచి 1923 మార్చిలో సీట్లో కూర్చున్నాడు.

ఆ డేట్ గుర్తుపెట్టుకోండి. దాదాపు రెండు వారాల ముందు, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇండియన్లు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారు అని తేల్చేసింది. మరుసటి ఏడాది 1924లో జాన్సన్-రీడ్ చట్టం వచ్చింది, 1890 నాటి జనాభా లెక్కల్లో ఏ దేశంవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి అందులో 2 శాతం చొప్పున కోటా, ఆసియావాళ్ళకైతే దాదాపు పూర్తిగా నో ఎంట్రీ. 1890 లెక్కలే ఎందుకంటే అప్పటికి ఇటలీ వాళ్ళు, తూర్పు యూరప్ యూదులు ఇంకా పెద్దగా రాలేదు. సెల్లర్ కొత్త ఎంపీ, పైగా ఆయన నియోజకవర్గం నిండా ఆ వలస కుటుంబాలే, సభలో ఆయన చేసిన మొదటి పెద్ద ప్రసంగం ఈ బిల్లుకి వ్యతిరేకంగానే. ఓడిపోయాడు. ఆ ఓటమిని నలభై ఏళ్ళు మర్చిపోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓ ముసలి రబ్బీ (యూదు మతగురువు) కర్ర ఊతంతో ఆయన దగ్గరికొచ్చి, యూరప్‌లో యూదుల్ని లక్షల్లో చంపేస్తున్నారు, కొందరినైనా కాపాడలేమా అని ఏడ్చాడట. ఆయన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే కోటా గేటు అలాగే మూసుంది. ఆ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నాడు. నాకు మాత్రం ఈయన కెరీర్ మొత్తానికి మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది.

1946లో కనెక్టికట్ ఎంపీ క్లేర్ బూత్ లూస్‌తో కలిసి తెచ్చిన లూస్-సెల్లర్ చట్టంతో ఇండియన్లకి పౌరసత్వ హక్కు వచ్చింది, ఏడాదికి 100 మందికి కోటా వచ్చింది. వంద అంటే ఇప్పుడు మనకి ఏడుపొస్తుంది, అదే టైంలో బ్రిటన్ కోటా 65 వేల పైమాటే. కానీ ఆ చట్టం లేకపోతే 1920లో వెళ్ళిన దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో కాంగ్రెస్‌కి గెలిచిన తొలి ఆసియన్ అయ్యేవాడు కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారైతే అప్పటికే ఇరవయ్యేళ్ళకి పైగా అక్కడే ఉండి మందుల మీద పనిచేస్తున్నారు, పౌరుడు కాకుండానే 1948లో పోయారు.

1949 నుంచి మధ్యలో రెండేళ్ళు తప్ప 1973 దాకా ప్రతినిధుల సభలో ఇలాంటి బిల్లులు చూసే జ్యుడీషియరీ కమిటీకి ఛైర్మన్ సెల్లరే. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటింగ్ హక్కుల చట్టం రెండూ ఆ కమిటీ నుంచే బయటికొచ్చాయి. 1965 అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం కింద ప్రెసిడెంట్ జాన్సన్ హార్ట్-సెల్లర్ చట్టం మీద సంతకం పెట్టాడు, 1924 కోటాలు పోయాయి. కుటుంబ బంధాలకి పెద్ద వాటా, చదువుకున్న ప్రొఫెషనల్స్‌కి 10 శాతం. గుంటూరు, వైజాగ్, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు విమానం ఎక్కింది ఆ పది శాతం దారిలోనే, తర్వాత తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, 1977కి న్యూయార్క్‌లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మొదటి మహాసభలు పెట్టుకునేంత మంది అయ్యారు. అక్కడ బంధువులు లేరు కాబట్టి ఆసియా, ఆఫ్రికాల నుంచి పెద్దగా రారని సెల్లరే సభలో చెప్పాడు. ఆయన లెక్క పూర్తిగా తప్పింది, మన అదృష్టం.

కానీ అదే చట్టంలో యూరప్, ఆసియా, ఆఫ్రికాలున్న తూర్పు అర్ధగోళంలో ఏ దేశానికైనా ఏడాదికి 20 వేలు దాటకూడదు అని ఒక రూల్ పెట్టారు. ఒక్క దేశమే అంతా తీసుకోకూడదని, అందరూ సమానమని. 1990 చట్టంలో అది మొత్తం వీసాల్లో దేశానికి 7 శాతం అయింది, ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు మొత్తం ఏడాదికి 1,40,000. ఐస్‌లాండ్‌కీ ఇండియాకీ అదే లిమిట్, పైగా చూసేది పుట్టిన దేశం. పుట్టుకని బట్టి మనిషిని ఆపకూడదని నలభై ఏళ్ళు కొట్లాడినాయన చట్టంలోంచే ఇది రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈయనలో నాకు నచ్చనిదీ ఉంది. మహిళలకి సమాన హక్కుల రాజ్యాంగ సవరణని తన కమిటీలో ఇరవయ్యేళ్ళకి పైగా తొక్కిపెట్టాడు, 1970లో మార్తా గ్రిఫిత్స్ అనే మహిళా ఎంపీ తోటి సభ్యుల సంతకాలు సేకరించి బయటికి లాగాల్సొచ్చింది. 1972 ప్రైమరీలో, అంటే సొంత పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే పోటీలో, ముప్పై ఏళ్ళ లాయరు ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ నిలబడితే, వాషింగ్టన్ మాన్యుమెంట్‌ని పళ్ళు కుట్టుకునే పుల్లతో పడగొట్టడం లాంటిదని కొట్టిపారేశాడు. ఆమె ఈ సవరణ విషయం, వియత్నాం యుద్ధానికి ఆయన మద్దతు ఇంటింటికీ చెప్పి, సుమారు 600 ఓట్ల తేడాతో గెలిచింది. అలా యాభై ఏళ్ళకి రెండు నెలలు తక్కువగా సాగిన పదవి ముగిసింది. 1981 జనవరిలో 92 ఏళ్ళ వయసులో బ్రూక్లిన్‌లోనే పోయాడు.

ఈ నెల బులెటిన్‌లో బావ డేట్ రాలేదు. నాలుగో ఏట వాళ్ళతో వెళ్ళిన పెద్దమ్మాయికి త్వరలో 21 నిండుతాయి, నిండితే పేరెంట్స్ లైన్లోంచి పేరు పోతుంది. అక్క ఈసారి గ్రూప్‌లో ఏమీ అడగలేదు, నాకు విడిగా ఫోన్ చేసి పిల్లకి స్టూడెంట్ వీసాకి ఏమేం పేపర్లు కావాలో కనుక్కోమంది.