వాగ్నర్ ‘రింగ్’ ఒపెరాలు: మా ఆర్‌ఆర్ గదిలో వినే అపోహలు

నేను సినిమాలకు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తాను, మా భాషలో ఆర్‌ఆర్ (రీ-రికార్డింగ్). మా పనిలో రోజూ వాడే ఒక ఉపాయం మోటిఫ్, అంటే ఒక పాత్రనో వస్తువునో భావాన్నో గుర్తుచేసే చిన్న బాణీ. అది జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ చేతిలో పదునెక్కింది. ఆయన ‘రింగ్’ అంటే నాలుగు ఒపెరాలు (పాటలతో నడిచే నాటకాలు), దాదాపు 15 గంటల సంగీతం. పూర్తిగా విన్నవాళ్లు తక్కువే గానీ, తీర్పులకు కొదవ లేదు.

అపోహ: మోటిఫ్ అంటే పాత్రకో బిట్. హీరో రాగానే మోగించాలి.

వాస్తవం: దీన్ని బయటివాళ్లకంటే మావాళ్లే ఎక్కువ నమ్ముతారు. ‘ఆ హీరో బిట్ వేసెయ్యండి’ అనేస్తారు. రెండో ఒపెరాలో కథానాయకుడు జీగ్మండ్ తన తండ్రి అడవిలో మాయమయ్యాడని, తోడేలు తోలు ఒక్కటే దొరికిందని చెప్తాడు. సరిగ్గా అప్పుడే దేవతల కోట వల్హల్లా బాణీ మెల్లగా వినిపిస్తుంది. తండ్రి సాక్షాత్తూ దేవతల రాజు వోటన్ అని మనకు అర్థమవుతుంది, పాపం కొడుక్కి తెలియదు. మొదటి ఒపెరాలో ఇంకా గడుసు పని చేశాడు. ఒకటో దృశ్యం నుంచి రెండోదానికి వెళ్తుండగా మరుగుజ్జు ఆల్బెరిక్ ఆశపడే మాయా ఉంగరం బాణీ కరుగుతూ కరుగుతూ వల్హల్లా బాణీ అయిపోతుంది. మరుగుజ్జు దురాశకీ దేవుడి అధికారానికీ తేడా ఎంత అని అడిగినట్టే, అదీ ఒక్క డైలాగ్ లేకుండా! ఈ పద్ధతిని హాలీవుడ్‌లో పాతుకునేలా చేసినవాళ్లలో సంగీత దర్శకులు మాక్స్ స్టైనర్, కార్న్‌గోల్డ్ ముఖ్యులు. ఇద్దరూ వియన్నాలో పెరిగినవాళ్లే.

అపోహ: వైకింగులు (పాతకాలపు ఉత్తర ఐరోపా సముద్ర యోధులు) కొమ్ముల టోపీలు పెట్టుకునేవారు.

వాస్తవం: అందుకు తవ్వకాల్లో ఆధారం లేదు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో, వాగ్నర్ కట్టించుకున్న హాల్లో జరిగిన ‘రింగ్’ ప్రదర్శనకు కార్ల్ డోప్లర్ చేసిన దుస్తులే ఆ బొమ్మను జనంలోకి తీసుకెళ్లాయి.

అపోహ: చీకటి హాలు సినిమాతోనే మొదలైంది.

వాస్తవం: ఆ బైరాయిట్ హాల్లోనే దీపాలు తగ్గించి, ఆర్కెస్ట్రాను కనబడకుండా స్టేజి కిందికి దించి, అందరి చూపూ కథ మీదే ఉండేలా చేశారు.

అపోహ: హిట్లర్ మెచ్చుకున్నాడనే వాగ్నర్‌కు చెడ్డపేరు.

వాస్తవం: హిట్లర్ పుట్టకముందే, 1850లో, యూదుల మీద విషం కక్కుతూ వ్యాసం రాసింది వాగ్నరే. అంతకు ముందు ఏడాది రాజుకు ఎదురు తిరిగిన డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొని పారిపోయిందీ ఆయనే. అందుకే ఎవరికి వారు ఆయన్ను తమవైపు లాక్కున్నారు. 1898లో నాటక రచయిత బెర్నార్డ్ షా ‘రింగ్’ను పెట్టుబడిదారీ వ్యవస్థ మీద విమర్శగా చదివాడు, నాజీలు తమ ప్రచారానికి వాడుకున్నారు. ఇజ్రాయెల్‌లో వాగ్నర్ సంగీతం మామూలుగా వాయించరు. 2001లో జెరూసలెంలో సంగీత నిర్దేశకుడు బారెన్‌బోయిమ్ దాన్ని వాయించే ముందు, వాయించాలా వద్దా అని శ్రోతలను అడగాల్సి వచ్చింది. కొందరు అరుస్తూ వెళ్లిపోయారు. నా మటుకు నేను వింటాను, నేర్చుకుంటాను. వెళ్లిపోయినవాళ్లను మాత్రం తప్పుపట్టలేను.