శనివారం లీడ్, బుధవారం వెనుకంజ: ఆస్ట్రేలియా ఓట్ల లెక్కింపుపై అపోహలు – వాస్తవాలు

"శనివారం రాత్రి బాగా ముందున్నాడు, బుధవారానికి వెనకబడ్డాడు. మధ్యలో ఏం చేశారు?" ఎన్నికలొచ్చిన ప్రతిసారీ నాకిదే ఫోను. అడిగేవాళ్ళు మారతారు, ప్రశ్న మారదు. సిడ్నీలో ఫెడరల్ ఎన్నికలప్పుడు తాత్కాలిక సిబ్బందిగా ఓట్లు లెక్కపెట్టడానికి వెళ్తుంటాను. అందుకే ఈ ఒక్క అపోహ గురించి తీరిగ్గా చెప్తాను, మిగతావి గబగబా.

అపోహ: లీడ్ మారిందంటే ఏదో మోసం జరిగినట్టే.

వాస్తవం: ఓట్లన్నీ ఒకేసారి బల్ల మీదికి రావు. ఇక్కడ పోలింగ్ శనివారం. సాయంత్రం 6కి అది ముగియగానే బూత్‌లోనే పెట్టెలు తెరుస్తాం. చిన్న బూత్‌ల అంకెలు ముందొస్తాయి. ముందస్తు ఓటింగ్ కేంద్రాల పెద్ద పెట్టెలు తేలేసరికి బాగా రాత్రవుతుంది. పోస్టల్ ఓట్లు చేరడానికి 13 రోజుల గడువుంది. వేరే డివిజన్ (అంటే నియోజకవర్గం) బూత్‌లో వేసిన ఆబ్సెంట్ ఓట్ల కవర్లు సొంత డివిజన్‌కి ప్రయాణం చేయాలి. కవరు మీది పేరు జాబితాతో సరిచూశాకే లోపలి బ్యాలెట్ తీస్తారు, అదీ ఎవరికి పడిందో చూడకుండా. పోస్టల్ ఓట్లు మామూలుగా లిబరల్–నేషనల్ కూటమి వైపు, ఆబ్సెంట్ ఓట్లు లేబర్, గ్రీన్స్ పార్టీల వైపు మొగ్గుతాయి. ఏ కట్ట ఏ రోజు విప్పారన్నదాన్ని బట్టి లీడ్ ఊగుతుంది.

2025 మే 3 ఎన్నికల్లో మెల్‌బోర్న్‌లోని గోల్డ్‌స్టీన్ చూడండి. ఆ రాత్రి స్వతంత్ర సభ్యురాలు జోయీ డేనియల్ శిబిరంలో సంబరాలు. పోస్టల్ కవర్లు తెరిచేకొద్దీ లిబరల్ అభ్యర్థి టిమ్ విల్సన్ దాటిపోయారు. పాక్షిక రీకౌంట్ అయ్యాక తేడా 175. సిడ్నీలోని బ్రాడ్‌ఫీల్డ్ ఇంకా చిత్రం. ప్రాధాన్యాల పంపిణీ (అందరికన్నా వెనకున్నవాళ్ళని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ళ ఓట్లను ఓటరు తర్వాతి అంకె వేసిన అభ్యర్థికి కలపడం) పూర్తయ్యేసరికి లిబరల్ అభ్యర్థికి 8 ఓట్ల ఆధిక్యం. తేడా వందలోపుంటే రీకౌంట్ జరుపుతారు. లక్షకు పైగా కాగితాలు మళ్ళీ చూస్తే, స్వతంత్ర అభ్యర్థి 26 ఓట్లతో గెలిచారు.

కాగితాలు అవే కదా, ఫలితమెలా మారిందంటారా? చేతిరాత అండీ. ఇక్కడ ఎంపీ బ్యాలెట్‌లో అభ్యర్థులందరికీ వరసగా అంకెలు వేయాలి. కొందరి 1 ఏడులా ఉంటుంది, కొందరి 4 తొమ్మిదిలా. చెల్లవని పక్కన పెట్టినవాటినీ మళ్ళీ ఒక్కొక్కటే చూస్తారు. ఒకసారి నా బల్ల దగ్గర ఒక అంకె మీద అభ్యర్థుల ఏజెంట్లు ఇద్దరు పట్టుబట్టారు, ఒకాయన ఒకటంటాడు, ఇంకొకాయన ఏడంటాడు. కాగితం ముట్టుకునే హక్కు వాళ్ళకి లేదు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని వంగి మరీ వాదించారు. పై అధికారి వచ్చి అదే ఓటరు వేసిన మిగతా అంకెలతో పోల్చి తేల్చేదాకా నా టీ చల్లారిపోయింది.

ఇంకో గోల, "వెబ్‌సైట్లో ఓట్లు మాయం" అన్న స్క్రీన్‌షాట్. చివరిదాకా నిలుస్తారనుకున్న ఇద్దర్ని ముందే అంచనా వేసి, ఆ రాత్రి ప్రాధాన్యాలను వాళ్ళ మధ్యే లెక్కిస్తారు. మూడో మనిషి పైకొచ్చాడంటే ఆ లెక్క పక్కన పెట్టి, సరైన జంటతో మళ్ళీ మొదలు. మాయమైంది అంచనా, ఓట్లు కాదు. కంగారుపడి అడిగేవాళ్ళకి ఎన్నిసార్లయినా చెప్తాను. ఎర్ర గీత గీసి గ్రూపుల్లో తిప్పేవాళ్ళతోనే నాకు విసుగు.

తప్పులే జరగవని అనను. 2013లో వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో సెనేట్ (ఎగువ సభ) రీకౌంట్‌లో 1,370 బ్యాలెట్లు కనబడలేదు. ఆ ఎన్నికను కోర్టు కొట్టేసింది, 2014 ఏప్రిల్ 5న మళ్ళీ పోలింగ్ పెట్టారు. ఆ సంగతి బయటపెట్టింది కూడా ఎన్నికల సంఘమే.

మిగతావి. పోటీ హోరాహోరీగా ఉంటేనే పోస్టల్ ఓట్లు లెక్కిస్తారా? కాదు, చెల్లే ప్రతి ఓటూ లెక్కిస్తారు. కానీ పోలింగ్ ముగిసేలోపు ఓటు వేసి, సాక్షి సంతకం పెట్టించి ఉండాలి. పెన్సిల్‌తో వేస్తే చెరిపేస్తారా? మీ పెన్ను మీరు తెచ్చుకోండి, ఎవరూ కాదనరు. ఓటమి ఒప్పుకుంటేనే ఫలితమా? ఆ మాటకి చట్టంలో విలువ లేదు. 2016లో అప్పటి ప్రతిపక్ష నేత, లేబర్ నాయకుడు బిల్ షార్టెన్ ఓటమి ఒప్పుకున్నాక కూడా లెక్కింపు సాగుతూనే ఉంది. హెర్బర్ట్ స్థానం రీకౌంట్ తర్వాత 37 ఓట్లతో తేలింది.

తెనాలి నుంచి మా మావయ్యగారిదీ ఇదే ఎత్తిపొడుపు: "మా దగ్గర మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది, మీకేంటయ్యా ఇన్ని రోజులు?" 2024లో ఆంధ్రాలో మే 13న ఓటేసి జూన్ 4 దాకా ఆగారు కదా మావయ్యా, ఇక్కడ అదే సాయంత్రం మొదలుపెడతాం అన్నాను. కాసేపు మాట్లాడలేదు. బ్రాడ్‌ఫీల్డ్ రీకౌంట్ అయిపోయిందని చెప్పినరోజు మాత్రం ఆయనే అడిగారు.

"ఎంతతో గెలిచిందీ?"

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరా! సర్పంచి ఎలక్షన్ లాగుందే."